పింఛన్ ఆగితే కారణం రాసి అడుగుదాం



మన ఆసుపత్రికి వచ్చేవారిలో మందులతో పూర్తిగా నయం కానివారు చాలామంది ఉన్నారు. పక్షవాతంతో మంచం పట్టినవారు, వయసు మీరి లేవలేనివారు, ఫ్లోరోసిస్ వల్ల నడుము వంగి, కీళ్లు బిగుసుకుపోయినవారు. 2015 జూన్ 8న మన చౌటుప్పల్‌లోనే వాటర్ గ్రిడ్ పైలాన్‌ను ఆవిష్కరించారు. ఆ తర్వాత మిషన్ భగీరథ పేరుతో నదీజలాలు ఊళ్లకు వచ్చాయి. పిల్లలకు ఇది ఎంతో మేలు. కాని ఒకసారి వంగిన ఎముక మంచినీళ్లతో తిరిగి నిటారు కాదు. ఆ తరంవారికి జీవితాంతం సంరక్షణ కావాలి. ఆ బరువు ఇంట్లో భార్య మీదనో, కోడలి మీదనో పడుతున్నది. ఆమె కూలికి పోలేదు, రోగిని విడిచి ఉండలేదు.

ఇలాంటి కుటుంబాలు మాతో ముఖ్యంగా రెండు బాధలు చెప్పుకుంటాయి.

మొదటిది డబ్బు. 2014 నవంబరులో ఆసరా పింఛన్లు మొదలైనప్పుడు వృద్ధులకు 1,000, వికలాంగులకు 1,500 రూపాయలు ఇచ్చారు. 2019లో అవి 2,016, 3,016 అయ్యాయి. వికలాంగుల పింఛన్ 2023లో 4,016కు పెరిగింది. ఇందులో కేంద్రం వాటా చాలా స్వల్పం. 80 శాతం, అంతకు మించి వైకల్యం ఉన్న పేదలకు కేంద్రం ఇచ్చే సొమ్మును 2012లో నెలకు 300 రూపాయలు చేశారు. ఆ తర్వాత పదేళ్లు గడిచినా అది పెరగలేదు.

రెండవది జవాబు లేకపోవడం. "పింఛన్ ఎందుకు బంద్ అయిందో ఎవ్వరు చెప్తలేరు సిస్టర్. రేపు రా, ఎల్లుండి రా అంటున్నరు" అనే మాట మేము తరచుగా వింటుంటాము. డబ్బు చాలకపోవడం కంటె ఇదే వారిని ఎక్కువగా కుంగదీస్తున్నది. మంచంలో ఉన్న మనిషిని పొరుగువారికి అప్పగించి, ఒకరోజు కూలి పోగొట్టుకుని, ఆటో కిరాయి పెట్టుకుని వెళ్లినవారు ఉత్త చేతులతో తిరిగి వస్తున్నారు.

పింఛన్ ఆగిన సంగతి వార్డులో మాకు త్వరగానే తెలుస్తుంది. బి.పి. మాత్ర రోజు విడిచి రోజు వేసుకోవడం మొదలవుతుంది. పక్షవాతం వచ్చినవారికి ఇది చాలా ప్రమాదం, మళ్లీ పక్షవాతం రావచ్చు. రోగిని పొద్దంతా ఒంటరిగా వదిలి ఇల్లాలు కూలికి పోతుంది. రెండు గంటలకొకసారి పక్క మార్చేవారు లేక నడుము దగ్గర పుండ్లు పడతాయి.

పింఛన్ ఆగడానికి కారణాలు సాధారణంగా చిన్నవే. వేలిముద్ర పడకపోవడం, ఆధార్‌లో పేరు లేక వయసు తేడా ఉండడం, వైకల్య ధ్రువపత్రం గడువు ముగియడం, కొడుకు దగ్గరికి పట్నం వెళ్లి కొన్ని నెలలు డబ్బు తీసుకోకపోవడం. బతికి ఉన్నవారిని చనిపోయినట్టు రాసిన సందర్భాలు కూడా ఉన్నాయి. కారణం తెలిస్తే వీటిలో చాలావాటిని సరిచేయించుకోవచ్చు. తెలియకపోతే నెలలు గడిచిపోతాయి.

కారణం చెప్పడం అధికారుల దయ కాదు. 2005 సమాచార హక్కు చట్టం 4వ సెక్షన్ ప్రకారం, ఒక నిర్ణయం వల్ల ప్రభావితమైనవారికి దాని కారణాలను కార్యాలయమే తెలియజేయాలి. కాబట్టి ఈ విధంగా చేయండి:

1. నోటితో అడిగి ఊరుకోకండి. తెల్లకాగితం మీద పేరు, పింఛన్ నంబరు, ఏ నెల నుండి ఆగిందో రాయండి. గ్రామాలవారు ఎం.పి.డి.ఓ.కు, పట్టణంవారు మున్సిపల్ కమిషనర్‌కు ఇవ్వండి. నకలు మీద ముద్ర, తేదీ వేయించుకోండి.

2. జవాబు రాకపోతే సమాచార హక్కు దరఖాస్తు పెట్టండి. 30 రోజులలో సమాధానం ఇవ్వాలి. దారిద్ర్యరేఖకు దిగువన ఉన్నవారికి రుసుము లేదు.

3. భువనగిరి కలెక్టరేట్‌లో సోమవారం జరిగే ప్రజావాణిలో అర్జీ ఇవ్వండి. రోగిని మోసుకుని వెళ్లనక్కర లేదు, ఇంటివారు వెళ్లవచ్చు.

4. వృద్ధులు సలహా కోసం 14567 నంబరుకు ఫోన్ చేయవచ్చు. ఖర్చు లేదు.

పంచాయతీ కార్యదర్శితో గొడవ పడవద్దని మా మనవి. చాలాసార్లు కారణం ఆయనకూ తెలియదు. ఆయన చేతికి జాబితా మాత్రమే వస్తుంది. రాతపూర్వకంగా అడిగితే పై అధికారిని అడగడానికి ఆయనకూ ఒక ఆధారం దొరుకుతుంది.

ఇంతకంటె మెరుగ్గా చేయడం అసాధ్యం కాదు. కేరళ 2008లో పాలియేటివ్ సంరక్షణ విధానం తెచ్చింది. అక్కడి పంచాయతీలు తమ నిధులతో నర్సును మంచం పట్టినవారి ఇంటికే పంపుతున్నాయి. రోగిని చూసుకునే ఇంటివారికి ఆశ్వాసకిరణం అనే పథకం కింద నెలకు 600 రూపాయల సాయం ఏర్పాటు చేశారు. మన దేశంలో 2016 వికలాంగుల హక్కుల చట్టం కూడా, ఎక్కువ ఆసరా అవసరమైనవారికి సంరక్షకుల భత్యం గురించి చెబుతున్నది. మనం అడగవలసినవి ఇవి.

సంఘ కుటుంబాలకు, యవనస్థులకు ఒక విన్నపం. మీ వాడలో మంచం పట్టినవారు ఎవరో మీకు తెలుసు. ఆదివారం ఒక అరగంట వారి ఇంటికి వెళ్లి, పింఛన్ వస్తున్నదా అని అడగండి. రాకపోతే ఆ అర్జీ మీరు రాసిపెట్టండి. చదువు వచ్చిన చేతికి అది పది నిమిషాల పని. ఆ ఇంటి ఇల్లాలికి మాత్రం ఒకరోజు కూలి మిగులుతుంది, రోగికి మాత్ర తప్పకుండా అందుతుంది.