కాదనుట నేర్పని ఆంగ్లవిద్య

ఇటీవల మేమొక పల్లెటూరి ఉన్నత పాఠశాలకు పోయి, ఆరవతరగతిలో వెనుకబల్లపై కొంతసేపు కూర్చుంటిమి. ఆంగ్లపాఠము జరుగుచుండెను. ఉపాధ్యాయుడు శ్రద్ధగలవాడు, పిల్లలయెడ ప్రేమగలవాడు. ఆనాటి పాఠము పల్లెను, పట్టణమును గూర్చినది. "పల్లె పట్టణముకంటె మేలైనదా?" అని ఆయన ఇంగ్లీషున నడిగెను. "యెస్ సర్" అని తరగతియంతయు ఏకకంఠముగా పలికెను. పరీక్షింపవలెనని కాబోలు, ఆయన కొంచెమాగి, "అట్లయిన పట్టణము పల్లెకంటె మేలైనదా?" అనెను. మరల "యెస్ సర్" అనియే సమాధానము. మొదటిదానికంటె ఇంకను గట్టిగా వినవచ్చెను. ఆయన మావైపు చూచి నవ్వెను. మేమును నవ్వితిమి గాని, ఇంటికి వచ్చుదారిలో ఆ నవ్వు నిలువలేదు.

ఆ పిల్లలకు అభిప్రాయము లేకపోలేదు. బడి విడిచినపిదప వారినే తెలుగున పలుకరింపగా, పట్టణములో త్రాగునీరు సైతము కొనుక్కోవలెనని ఒక పిల్లవాడనెను. ఊరిలో కాలేజి లేనందున తన అక్క చదువు పదవతరగతితో ఆగినదని ఒక బాలిక చెప్పెను. ఇద్దరికిని చెరియొక పక్షమున్నది, దానికి తగిన కారణమున్నది. లేనిదెల్ల అయ్యవారియెదుట దానిని పరభాషలో పైకి చెప్పు అలవాటు మాత్రమే.

ఈ అలవాటు ఏల లేదో ఊహించుట కష్టము గాదు. మెకాలే దొర 1835లో తన నివేదిక వ్రాసినప్పుడు, పాలకులకును ప్రజలకును నడుమ దుబాసీలవలె మెలగు ఒక తరగతివారిని తయారుచేయుట తమ తక్షణోద్దేశమని దాచక చెప్పెను. దుబాసీకి సొంత అభిప్రాయముతో పనియేమి? ఆ పాలన 1947లో ముగిసినది. మన పిల్లవాడు ఇంగ్లీషున మొట్టమొదట వ్రాయ నేర్చు ఉత్తరమేదియో నేటికిని చూడుడు. తనకు జ్వరము వచ్చినదనియు, దయయుంచి రెండు దినములు సెలవు మంజూరు చేయవలసినదనియు ప్రధానోపాధ్యాయునకు విన్నపము! జ్వరమెరుగని పిల్లవాడును దీనిని కంఠస్థము చేయును. అర్జీ వ్రాయు ఇంగ్లీషు మనకు ముందు వచ్చినది. అభిప్రాయము చెప్పు ఇంగ్లీషు ఇంకను రావలసి యున్నది.

భాషలోనే యున్న చిక్కులును కొన్ని కలవు. "నీవు నిన్న బడికి రాలేదా?" అని యడిగినచో, రాని పిల్లవాడు తెలుగున "అవును, రాలేదు" అనును. అడిగినవాని మాట నిజమని ఒప్పుకొనుట మన పద్ధతి. ఇంగ్లీషున అదే పిల్లవాడు "నో, ఐ డిడ్‌న్ట్" అనవలెను. అచ్చట యెస్, నో అనునవి జరిగిన పనిని బట్టి పోవునేగాని అడిగినవాని మాటను బట్టి పోవు. మన 'కాదు', 'లేదు', 'వద్దు' అను మూటికిని వారి 'నో' ఒక్కటియే దిక్కు. "వాడు రాడనుకొందును" అని మనమనుచోట వారు కాదనుటను తలంపుమీదికి త్రిప్పి "ఐ డోంట్ థింక్ హి విల్ కమ్" అందురు. "ఐ యామ్ ఎఫ్రెయిడ్" అని ఆరంభించువాడు అనేక సమయములలో భయపడుచున్నవాడు గాడు, మర్యాదగా కాదనబోవుచున్నాడు. "అకార్డింగ్ టు మీ" అని పెద్దచదువులు చదివిన మనవారును మొదలుపెట్టుట మేము వినుచునే యున్నాము. ఇతరుల మతమును చెప్పుటకు ఆ మాట గాని, తన మతమునకు "ఐ థింక్" అనుటయే వాడుక. ఇట్టివి విప్పి చూపినచో పదునొకండేండ్ల పిల్లవానికి బోధపడును. దానికి బదులు "ఐ అగ్రీ విత్ యూ", "ఐ డిసగ్రీ విత్ యూ" అను జంట వాక్యములను బల్లపై వ్రాసి పదిమారులు పలికించినందువలన ఫలమేమి? దేనితో అంగీకరించుచున్నాడో దేనిని నిరాకరించుచున్నాడో ఎరుగనివానికి ఆ రెండు వాక్యములును ఒక్కటే.

ఒప్పుకొనుట, కాదనుట అనునవి మనకు పరాయి విద్యలు గావు. గౌతముని న్యాయసూత్రములు కథను మూడు విధములుగా విభజించినవి. తత్త్వము తెలిసికొనుటకు చేయునది వాదము, గెలుపుకొరకు చేయునది జల్పము, తనకొక పక్షము లేకయే ఎదుటివానిని ఖండించునది వితండ. శంకరుని భాష్యము తెరచినవా రెరుగుదురు, సిద్ధాంతమునకు ముందు పూర్వపక్షము నిలువవలెను. అన్నియు మన శాస్త్రములలోనే యున్నవనువారి జట్టులో మేము లేము. ఆ వాదసభలలోనికి ఎవరికి ప్రవేశముండెనో, ఎవరికి లేకుండెనో మాకు తెలియును. అయినను ఈ ఒక్క నియమమును ఆరవతరగతికి తెచ్చిన చాలును. తోటివానిని కాదనదలచిన పిల్లవాడు ముందు వాని మాటను తన మాటలలో తిరిగి చెప్పవలెను. ఆ తోటివాడు "ఔను, నేనన్నదదియే" అన్నపిదపనే తన మాట చెప్పవలెను. "యూ సే... బట్ ఐ థింక్... బికాజ్..." ఇంగ్లీషున దీనికి కావలసినవి ఈ నాలుగు ముక్కలే. వీనిలో 'బికాజ్' ప్రాణము వంటిది. కారణము చెప్పని "ఐ డిసగ్రీ" మొండితనమగును.

మన బడులలో జరుగు వక్తృత్వపు పోటీలు దీనికి సాయపడునని కొందరందురు. మాకట్లు తోచదు. నాన్నగారో ట్యూషను మాస్టరుగారో వ్రాసి యిచ్చిన ఉపన్యాసమును చేతులూపుచు ఒప్పగించి బహుమానము గొనుట జల్పము సైతము గాదు.

పనికివచ్చు ప్రయత్నమొకటి మన ఇరుగుపొరుగుననే జరిగినది. ఎన్.ఎస్. ప్రభు గారు 1979 నుండి 1984 వరకు బెంగుళూరు, మదరాసు ప్రాంతముల పాఠశాలలలో నడపిన ప్రయోగము లోకమున ఆంగ్లబోధకు లందరెరిగినది. వ్యాకరణమును వరుసగా చెప్పుట మాని, పిల్లలకు సాధింపదగిన పని నిచ్చి, ఆ పనిలో భాష దానంతట వచ్చునట్లు చేసిరి. ఒకరికి తెలిసినది వేరొకరికి చేరవేయుట, ఇచ్చినదానినుండి తర్కించి తేల్చుట, తన ఇష్టమును లేక భావమును వెల్లడించుట అని ఆయన ఆ పనులను మూడు తెగలు చేసెను. విచిత్రమేమనగా, అభిప్రాయము చెప్పు మూడవతెగను ఆయన క్రొత్తవారికి అంతగా కోరలేదు. అందులో సరియైన జవాబు ఇది యని తేల్చుటకు వీలులేదు గాన భాష చాలని పిల్లవాడు తడబడునని ఆయన తలంపు. రెండవతెగయే మేలనెను.

మేమీ మాటతో చాలవరకు ఏకీభవింతుము. రైళ్ల వేళలపట్టిక చేతికిచ్చి, "సాయంకాలమునకు విజయవాడ చేరవలెను, చేతిలో సొమ్ము కొంచెమే, ఏ బండి యెక్కుదువు?" అని యడుగుడు. ఒకడు మొదటి బండి అనును. మరియొకడు "నో, దట్ ట్రెయిన్ ఈజ్ లేట్" అనును. ఋజువు కాగితముమీద నున్నది గాన కాదనువానికి బెదురుండదు, కాదనిపించుకొన్నవానికి అవమానముండదు. ఇట్లు కొన్ని నెలలు గడచినపిదప పల్లె మేలా, పట్టణము మేలా అని యడిగినచో ఏకకంఠమున జవాబు రాదు. మాట దొరకనిచోట తెలుగున చెప్పనిచ్చి, దానిని ఇంగ్లీషున పెట్టుటకు తోడ్పడవలెను. బడిలో తెలుగుమాట వినవచ్చినచో జరిమానా వేయువారు ఆలోచన పుట్టుచోటనే దానికి గడియ వేయుచున్నారు.

మాధ్యమమును గూర్చిన తగవు మనకు తెలిసినదే. ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వము 2019లో ఇంగ్లీషు మాధ్యమమునకు ఉత్తరువు లిచ్చుట, హైకోర్టు 2020లో వానిని కొట్టివేయుట, తెలంగాణము 2022-23 నుండి ప్రభుత్వ పాఠశాలలలో ఇంగ్లీషు మాధ్యమమును ప్రవేశపెట్టుట అందరెరిగినవే. ఇరుపక్షములవారును ఎంతో వాదించిరి. పిల్లలు వాదింప నేర్చుచున్నారా అని ఎవ్వరు నడిగినట్లు మేము వినలేదు. 2009 నాటి విద్యాహక్కు చట్టములోని 29వ సెక్షను, పిల్లలను భయమునుండి విముక్తులను జేసి, తమ అభిప్రాయములను స్వేచ్ఛగా చెప్పుటకు తోడ్పడవలెనని స్పష్టముగా విధించుచున్నది. ఇది కోరిక గాదు, శాసనము.

నేరమంతయు ఉపాధ్యాయులపై మోపుట న్యాయము గాదు. 1892లో మొదట ప్రదర్శింపబడిన కన్యాశుల్కములో, వెంకమ్మ కొడుకు ఇంగ్లీషు వినగోరగా గిరీశమును వెంకటేశమును ఏవో ముక్కలు పలికి ఆ తల్లిని మురిపింతురు. మన యిండ్లలో ఆ వేడుక నేటికిని సాగుచున్నది. అతిథులు రాగానే పిల్లవానిని పిలిచి ఇంగ్లీషు పద్యము చెప్పింతుము. వాడే భోజనమువేళ "తాతగారూ, మీరన్నది నాకు సరియనిపించలేదు" అన్నచో, అది ఎంత వినయముగా అన్నను, "పెద్దలకు ఎదురుచెప్పెదవా?" అని కసరుదుము. ఇంటిలో తెలుగున మూయించిన నోరు బడిలో ఇంగ్లీషున తెరువబడునా?

అదే చట్టము ప్రకారము ప్రభుత్వ పాఠశాలల యాజమాన్య సంఘములలో నాలుగింట మూడు వంతులు తల్లిదండ్రులును, సంరక్షకులును ఉందురు. మా పాఠకులలో అట్టి సభ్యులు పెక్కురుందురు. గోడల సున్నమును, మధ్యాహ్నభోజనపు లెక్కలను వారు చూచుచునే యున్నారు. రాబోవు సమావేశమునాడు ఒక గంట ముందుగా పోయి, ఏదైన ఒక ఆంగ్లపాఠమున వెనుకబల్లపై కూర్చుండుడు. ఆ గంటలో ఎన్నిమారులు 'యెస్ సర్' వినవచ్చినదో, ఎన్నిమారులు 'బికాజ్' వినవచ్చినదో వ్రాసికొని, ఆ కాగితమును సమావేశములో చదువుడు.