రెండు చక్రములు నేర్పు విద్య

రామకుప్పము చుట్టుప్రక్కల గ్రామములలో ఒక మాట తఱచుగా వినవచ్చుచుండును. మోటారు సైకిలు బాగుగా తోలినవానికి కారు తోలుట వేఱుగా నేర్పనక్కఱలేదని ఆ మాట. పాలక్యానులో, పట్టుగూళ్ల మూటయో, టమోటా పెట్టెలో వెనుక కట్టుకొని, గుంతల దారిని ఎండకు వానకు ఓర్చి బండి నడపినవాడు రేపు కారులో కూర్చుండినచో ఇతరులకన్న మేలుగా నడపునని పెద్దల నమ్మకము. ఈ నమ్మకములో సత్యమెంత, భ్రాంతి యెంత యని విచారించుట నేటి ప్రసంగమునకు ఉద్దేశము. ఇది వినోదమునకై వేసికొను ప్రశ్న కాదు. మన యింటి బిడ్డలు క్షేమముగా ఇల్లు చేరుట దీనిపై ఆధారపడియున్నది.

మొదట మన సమీపమున జరిగిన యొక సంగతిని స్మరింతము. కుప్పము, పలమనేరు ప్రాంతముల యడవులలో కౌండిన్య అభయారణ్యము కలదు. అందలి యేనుగులు మేతకును నీటికిని దారులు దాటుట మనకు క్రొత్త కాదు. 2023 జూన్ నెలలో పలమనేరు దగ్గర భూతలబండ యొద్ద, రాత్రివేళ రహదారిపైకి వచ్చిన మూడు ఏనుగులు వేగముగా వచ్చుచున్న సరకుల వాహనము తాకి మరణించినవి. ఈ వార్త విన్నవారందఱును ఏనుగంతటి ప్రాణి కనబడలేదా యని ఆశ్చర్యపడిరి. కనబడుట వేఱు, బండి ఆగుటకు చాలునంత ముందుగా కనబడుట వేఱు. వేగమును గూర్చిన శాస్త్రమంతయు ఈ రెంటి నడిమి దూరములోనే యున్నది.

ఆ దూరమును లెక్కవేసి చూతము. ఎదుట ఆపద కనబడిన తరువాత మనస్సు దానిని గ్రహించి, కాలు బ్రేకును నొక్కుటకు చుఱుకైనవానికైనను ఇంచుమించు ఒక సెకను పట్టును. గంటకు 40 కిలోమీటరుల వేగముతో పోవు బండి ఆ యొక్క సెకనులో 11 మీటరులు ముందుకు పోవును. పొడి తారుదారిపై బ్రేకులు చక్కగా పట్టిన పిమ్మట మఱి 9 మీటరులు పోయి నిలుచును. మొత్తము 20 మీటరులు. వేగము 60 అయినచో మొత్తము 37 మీటరులు కావలయును. వేగము 80 అయినచో 57 మీటరులు కావలయును. వేగము రెండింతలైనచో బ్రేకు పట్టిన తరువాత జాఱు దూరము రెండింతలు కాదు, నాలుగింతలగును. ఇది ప్రకృతి నియమము. నడపువాని నేర్పుచేత గాని, బండి వెలచేత గాని ఇది మాఱదు.

ఇందులో మఱియొక విశేషము కలదు. ఒక పిల్లవాడు 20 మీటరుల దూరమున హఠాత్తుగా దారిలోనికి పరుగెత్తి వచ్చినాడనుకొందము. 40 వేగముతో వచ్చువాడు ఆ పిల్లవాని ముందర నిలువగలడు. 60 వేగముతో వచ్చువాడో, తన సెకను కాలములోనే 17 మీటరులు గడచిపోవుటచేత, పిల్లవానిని చేరునప్పటికి అతని వేగము ఇంకను 55 వఱకు ఉండును. మొదట వారి వేగములకు గల తేడా 20 మాత్రమే. ఫలితములో తేడా ప్రాణము ఉండుటయు పోవుటయు.

రాత్రి యైనచో ఈ లెక్క మఱింత కఠినము. ఎదుటివారికై క్రిందికి దించిన దీపము నలువది, ఏబది మీటరుల మేరనే స్పష్టముగా చూపును. 80 వేగముతో పోవువాడు నిలుచుటకు 57 మీటరులు కావలయును గదా! అనగా అతడు తాను చూడని దారిలోనికి పోవుచున్నాడన్నమాట. సరకు నింపిన లారీకి ఇంకను ఎక్కువ దూరము కావలయును. 2018లో కేంద్రప్రభుత్వము సాధారణ రహదారులపై మోటారు సైకిలునకు 60, కారునకు 70 గరిష్ఠ వేగమని నిర్ణయించినది. గరిష్ఠమనగా అంతకు మించరాదని అర్థము. మలుపులోను, చీకటిలోను, వానలోను అంత వేగము తగునని అర్థము కాదు.

ఇంత వేగమువలన కలుగు లాభమెంత? ఇరువది కిలోమీటరుల దారి యనుకొందము. 60 వేగముతో ఇరువది నిమిషములు పట్టును, 80 వేగముతో పదునైదు నిమిషములు పట్టును. ఎడమొగమైన మలుపులును పశువుల మందలును అడ్డము రాకున్నచో మిగులునది అయిదు నిమిషములు. ఆ అయిదు నిమిషములను ఊరు చేరిన పిమ్మట కాఫీ దుకాణములోనే వ్యయము చేయుదుము.

ఇక అసలు ప్రశ్నకు వత్తము. మోటారు సైకిలు మనుష్యునకు కొన్ని విద్యలు నిజముగా నేర్పును. కారునకు దారి యనగా ఒక వెడల్పు. మోటారు సైకిలునకు దారి యనగా ఒక్కొక్క గుంత, ఒక్కొక్క ఇసుకతిన్నె, చిందిన నూనె మఱక. నాలుగు చక్రములవాడు పొరబడినచో రేకు వంగును. రెండు చక్రములవాడు పొరబడినచో ఎముక విఱుగును. కావున అతడు ముందుచూపు నేర్చును. ఎదుటివాడు తన్ను చూడలేదేమో యని అనుమానించుట నేర్చును.

ఈ మాటకు పరిశోధనల ఆధారమును కలదు. అమెరికాలో హ్యారీ హర్ట్ అను నాచార్యుడు లాస్ ఏంజిలిస్ ప్రాంతమున 900 మోటారు సైకిలు ప్రమాదములను స్థలమునకు పోయి పరీక్షించి 1981లో నివేదిక ప్రకటించెను. రెండు వాహనములు ఢీకొన్న సందర్భములలో మూడింట రెండువంతుల వఱకు తప్పు ఎదుటి వాహనమువానిదే యనియు, అట్టివారు సాధారణముగా మోటారు సైకిళ్లతో పరిచయము లేనివారనియు అందు తేలినది. తరువాత ఐరోపాలో ఫ్రాన్సు, జర్మనీ, ఇటలీ, నెదర్లాండ్సు, స్పెయిను దేశములలో 921 ప్రమాదములను పరిశీలించినప్పుడును, మోటారు సైకిలు లైసెన్సు కూడ గల కారు డ్రైవరులు ఎదుట వచ్చు మోటారు సైకిలును గమనింపక పోవుట చాల తక్కువ యని కనుగొనిరి.

ఇందుకు కారణము కంటిలో గాక మనస్సులో నున్నది. కూడలియొద్ద నిలిచిన డ్రైవరు బస్సునో లారీనో వెదకుచుండును. సన్నని మోటారు సైకిలు కారు అద్దపు కంబము చాటున ఇమిడిపోవును. కనబడినను, చిన్నదగుటచే దూరముగా నున్నట్లును, మెల్లగా వచ్చుచున్నట్లును తోచును. తానును ఒకప్పుడు ఆ బండిపై కూర్చుండినవాడు మాత్రము దానిని వెదకి చూచును. వెదకువానికే కనబడును. 2017 ఏప్రిలు నుండి మన దేశమున తయారగు ద్విచక్రవాహనములకు పగలును దీపము వెలుగునట్లు చేసిన నిబంధనకు మూలమిదియే.

అట్లయినచో పెద్దల మాట నిజమే గదా యనవచ్చును. ఇక్కడనే జాగ్రత్తగా ఆలోచింపవలెను. మోటారు సైకిలు తోలినవారందఱును మంచి డ్రైవరులగుదురన్నచో, ద్విచక్రవాహనములతో నిండిన మన దేశపు దారులు లోకములో మిక్కిలి క్షేమమైనవి కావలసియుండెను. 2022వ సంవత్సరములో మన దేశమున రహదారి ప్రమాదములలో 1,68,491 మంది మరణించిరి. అందులో నూటికి నలువదినాలుగుమందికి పైగా ద్విచక్రవాహనములపై పోవువారే. నూటికి డెబ్బదియొక్క మరణములు మితిమీరిన వేగముక్రింద లెక్కకు వచ్చినవి.

ఐరోపావారు పరిశీలించినది లైసెన్సు గలవారిని, అనగా నేర్చుకొని పరీక్షలో నెగ్గినవారిని. మన పిల్లవాడు పదునాలుగేండ్లకే తండ్రి బండి తీసికొని పొలమునకు పోయి అలవాటుచేసికొన్నది విద్య కాదు, ధైర్యము మాత్రమే. సందు దొఱికినచోటనెల్ల దూరుట, ఎడమప్రక్కనుండి దాటిపోవుట, ఎదురుదారిలో వచ్చుట, ఈ అలవాట్లు కూడ అతనితో కారులోనికి ఎక్కును. పైగా కారులో గాలి ముఖమునకు తగులదు, గుంత నడుమునకు తెలియదు. రెండు చక్రములపై 60 వేగమునకు కలిగిన భయము అద్దముల నడుమ 90 వేగమునకైనను కలుగదు. భయము పోయి అలవాటు మిగిలినచో అంతకన్న అపాయము లేదు. చిన్నవారికి బండి ఇచ్చిన పెద్దలకు మూడేండ్ల వఱకు శిక్షయు 25 వేల రూపాయల జరిమానాయు 2019 నాటి చట్టసవరణ విధించినది. చట్టము సంగతి యట్లుంచి, బిడ్డ చేతికి తాళము ఇచ్చునది మన చేయియే గదా!

శిరస్త్రాణమును గూర్చి ఒక చరిత్ర చెప్పెదను. అరేబియా యుద్ధములలో పేరుగాంచిన లారెన్సు అను ఆంగ్లేయుడు 1935 మే నెలలో, సైకిళ్లపై పోవుచున్న యిద్దఱు బాలురను తప్పింపబోయి మోటారు సైకిలు మీదనుండి పడి, తలకు దెబ్బ తగిలి మరణించెను. అతనికి చికిత్స చేసిన వైద్యులలో హ్యూ కెయిర్న్స్ అను మెదడు శస్త్రవైద్యుడొకడు. ఆ మరణము మనస్సున నాటుకొని, అతడు సైనికుల మోటారు సైకిలు ప్రమాదములను పరిశోధించి, శిరస్త్రాణము తలను కాపాడునని 1941లో ప్రకటించెను. తరువాతి పరిశోధనలన్నింటిని కూర్చి చూడగా, శిరస్త్రాణము మరణభయమును నూటికి 42 వంతులు, తలగాయములను 69 వంతులు తగ్గించునని తేలినది. ఐనను 2022లో మన దేశమున శిరస్త్రాణము లేక మరణించినవారు 50,029 మంది. మన బండ్లలో అది పెక్కుసార్లు అద్దమునకు వ్రేలాడుచుండును.

కావున పెద్దల మాటను ఇట్లు సవరించుకొందము. రెండు చక్రములు కారు తోలుట నేర్పవు, కారు తోలువాడు ఎవరిని చూడవలెనో నేర్పును. ఆ చూపును కారులోనికి తీసికొనిపోవలెను, ఆ తొందరను క్రింద దింపి పోవలెను. తలుపు తెఱచుటకు ముందు వెనుక అద్దము చూడుడు. కూడలియొద్ద రెండవసారి చూడుడు. ఆ రెండవ చూపు సన్నని బండికై, నడచిపోవు ముసలివానికై. దీపము వెలుగు ఎంతవఱకు చూపునో అంతలోపల నిలువగల వేగమునే పోవుడు. "నిదానమే ప్రధాన" మనిన మన పెద్దలు మోటారు బండిని ఎఱుగరు. కాని ఆ మాట ఇరువది మీటరులలో నిలుచు బండికి సరిగా సరిపోవుచున్నది.