సీరియల్ విడాకులు, సబ్ కోర్టు విడాకులు

తెర మీద విడాకుల కేసంటే మూడు హంగులు ఉండి తీరాలి. కిక్కిరిసిన హాలు, నల్లకోట్ల మధ్య మాటల తూటాలు, చివర్లో జడ్జిగారి సుత్తి దెబ్బ. హిందూపురం, పెనుకొండ, ధర్మవరం కోర్టుల్లో వాయిదాలు తిరిగినవాళ్లను అడగండి. సుత్తి మన జడ్జీల బల్ల మీద ఉండనే ఉండదు. తూటాల్లాంటి మాటలన్నీ ముందే పిటిషన్‌లోనూ కౌంటర్‌లోనూ టైపయిపోయి ఉంటాయి. హాలు సంగతి కాసేపట్లో చెప్పుకుందాం.

బీబీసీలో 2018లో మొదలైన ‘ది స్ప్లిట్’ ఇలాంటి నాటకాల్లో మేలైనది. లండన్‌లో డబ్బున్నవాళ్ల విడాకులు నడిపే లాయర్ల కుటుంబం కథ. అబీ మోర్గాన్ రాశారు, హన్నా అనే లాయరుగా నికోలా వాకర్ నటించారు. మన దగ్గర దీనికి దగ్గరగా వచ్చింది, లాయరే లేని కోర్టు ఒకటి: జీ తెలుగులో ‘బతుకు జట్కాబండి’. సుమలత, జీవిత లాంటి సినిమావాళ్లు ఆలుమగల తగవు విని, మందలించి, సర్దిచెప్పి పంపేవారు. అక్కడ కుదిరిన రాజీకి కోర్టు డిక్రీ విలువ లేదు. చూసి ఊరుకుంటే నష్టమేమీ లేదు. చూసినదాన్ని నమ్మి కాగితాల మీద సంతకాలు పెట్టేవాళ్లు, సమన్లు తిప్పి పంపేవాళ్లు, పుట్టింటి నగలు వదులుకునేవాళ్లు ఉండబట్టే ఈ చర్చ. ఆ నష్టంలో పెద్ద వాటా ఆడవాళ్లదే.

అపోహ: కోర్టుకెక్కితే ఇంటిగుట్టు ఊరంతా వింటుంది.

వాస్తవం: హిందూ వివాహ చట్టం 22వ సెక్షన్ ప్రకారం ఈ కేసుల విచారణ తలుపులు మూసి జరగాలి. విచారణ వివరాలు అచ్చువేసినా, బయటపెట్టినా వెయ్యి రూపాయల దాకా జరిమానా. పై కోర్టుల తీర్పులు మాత్రం అనుమతితో అచ్చువేయవచ్చు. ఫ్యామిలీ కోర్టులోనైతే ఇద్దరిలో ఒకరు కోరినా తలుపులు మూయాల్సిందే. కేసును పిలిచినప్పుడు హాల్లో వేరేవాళ్లుంటే, మన ప్లీడరు లేచి ఆ మాట గుర్తుచేయవచ్చు. ఇంకో విడ్డూరం: లాయర్ల మీద సీరియళ్లు తీసేది ఈ కేసుల గురించే కదా, 1984 నాటి ఫ్యామిలీ కోర్టుల చట్టం 13వ సెక్షన్ మాత్రం అక్కడ లాయరును పెట్టుకోవడం హక్కు కాదంటుంది. ఆచరణలో కోర్టు అనుమతిస్తూనే ఉంటుంది. అయినా ఆ చట్టం రాసినవాళ్లు లాయర్ల వాగ్ధాటిని నమ్ముకోలేదన్నది స్పష్టం.

అపోహ: పెద్దమనుషుల ముందు స్టాంపు పేపరు రాసుకుంటే విడాకులైనట్టే.

వాస్తవం: అన్నిటికన్నా ప్రమాదకరమైన నమ్మకం ఇదే. పంచాయితీలో ఇంత డబ్బని తేలుతుంది, నగలు చేతులు మారతాయి, “ఇకమీదట ఒకరి మీద ఒకరికి ఎలాంటి హక్కులూ లేవు” అని రాసి ఇద్దరూ సంతకాలు పెడతారు, నలుగురు సాక్షులు కింద సంతకం చేస్తారు. నోటరీ ముద్ర కూడా పడితే ఇక తిరుగు లేదనుకుంటారు. హిందూ వివాహాన్ని రద్దు చేసే శక్తి ఆ కాగితానికి గానీ ఆ ముద్రకు గానీ లేదు.

అయితే ఇక్కడ ఒక మెలిక ఉంది. మామూలు వ్యాసాల్లో దాన్ని ఎగరగొట్టేస్తారు. హిందూ వివాహ చట్టం 29(2) సెక్షన్ ఆచారం ప్రకారం జరిగే విడాకులను కాపాడింది. సీమలో అక్క కూతురును మేనమామకు ఇచ్చే పెళ్లి చెల్లుతున్నదీ ఇలాగే ఆచారానికి చట్టం ఇచ్చిన మినహాయింపు వల్లే. కానీ “మా కులంలో ఇది మామూలే” అంటే సరిపోదు. ఆ ఆచారం చాలాకాలంగా, ఎడతెగకుండా ఉందని, అది న్యాయవిరుద్ధం కాదని కోర్టులో రుజువు చేయాలి. ఆ భారం విడాకులయ్యాయని చెప్పేవాళ్లదే. 2002లో యమనాజీ జాదవ్ కేసులో సుప్రీంకోర్టు చెప్పిన మాట ఇదే. రుజువు చేయలేకపోతే మొదటి పెళ్లి నిలిచే ఉన్నట్టు. ఆ కాగితాన్ని నమ్మి చేసుకున్న రెండో పెళ్లి చెల్లదు. పైగా భారతీయ న్యాయ సంహిత 82వ సెక్షన్ కింద ఏడేళ్ల దాకా జైలు. రెండో పెళ్లి పిల్లలను చట్టం సక్రమ సంతానంగానే చూస్తుంది, కానీ రెండో భార్యకు ఆ రక్షణ లేదు. ఆ రోజు పంచాయితీలో సంతకం చేసిన సాక్షుల్లో ఎవరూ అప్పుడు ముందుకు రారు.

ముస్లిం కుటుంబాల్లోనూ ఇలాంటి నమ్మకమే ఒకటి: మూడుసార్లు తలాక్ అంటే విడాకులైనట్టేనని. ముమ్మారు తలాక్‌ను సుప్రీంకోర్టు 2017లో కొట్టేసింది. 2019 చట్టం దాన్ని మూడేళ్ల దాకా జైలుపడే నేరం చేసింది.

అపోహ: ఏడేళ్లు విడిగా ఉంటే పెళ్లి దానంతటదే రద్దవుతుంది.

వాస్తవం: అవదు. ఏడేళ్లపాటు మనిషి బతికి ఉన్న జాడ తెలియకపోతే, దాన్ని కారణంగా చూపి కోర్టుకు వెళ్లొచ్చు, అంతే. విడిచిపెట్టి వెళ్లిపోతే రెండేళ్ల తర్వాత పిటిషన్ వేయొచ్చు. ఏ దారైనా డిక్రీ చేతికి రావాలి, దాని మీద అప్పీలు గడువు కూడా ముగియాలి. డిక్రీ వచ్చిన మర్నాడే పెళ్లి పందిరి వేయడం సీరియల్ ఆఖరి ఎపిసోడ్‌కు బాగుంటుంది గానీ హిందూ వివాహ చట్టం 15వ సెక్షన్‌కు బాగుండదు.

అపోహ: సమన్లు తీసుకోకపోతే కేసు నడవదు.

వాస్తవం: నడుస్తుంది, పైగా తొందరగా నడుస్తుంది. రిజిస్టర్డ్ పోస్టు వద్దని తిప్పి పంపితే అందినట్టే లెక్కగట్టి కోర్టు మీరు లేకుండానే, ఎక్స్‌పార్టీగా డిక్రీ ఇవ్వవచ్చు. లేపాక్షి గుడికి వెళ్లినవాళ్లకు విరూపణ్ణ కథ చెప్పాల్సిన పనిలేదు. అచ్యుతరాయల కాలంలో పెనుకొండలో ఖజానా చూసినవాడు. ఆ సొమ్ము గుడికి పెట్టాడన్న చాడీలు విని రాజు కళ్లు తీయించమన్నాడని, ఆయనే ముందుగా తన కళ్లు పీకి గోడకేసి కొట్టాడని జనం చెప్పుకుంటారు. గోడ మీది ఎర్ర మరకలను, సగంలో ఆగిన కల్యాణ మండపాన్ని సాక్ష్యంగా చూపిస్తారు. అది ఐతిహ్యమే. కథలోని విరూపణ్ణకు మాట చెప్పుకునే అవకాశమే రాలేదు. మనవాళ్లు వచ్చిన అవకాశాన్ని పోస్ట్‌మ్యాన్ చేతికే తిప్పి ఇస్తున్నారు. ఎక్స్‌పార్టీ డిక్రీని పక్కన పెట్టమని అడగడానికి గడువు డిక్రీ వచ్చిన రోజు నుంచి 30 రోజులు; సమన్లు సరిగా అందకపోయి ఉంటేనే ఆ లెక్క తెలిసిన రోజు నుంచి. అప్పుడు కూడా ఎందుకు రాలేదో గట్టి కారణం చూపాలి.

అపోహ: కేసు మొగుడి ఊళ్లోనే వేయాలి.

వాస్తవం: హిందూపురం ప్రాంతంలో ఇది మరీ ముఖ్యం. పెళ్లి గౌరీబిదనూరులో, కాపురం బెంగళూరులో, పుట్టిల్లు లేపాక్షిలో. ఇలాంటి సంబంధాలు సరిహద్దుకు రెండువైపులా ఎన్నో. 2003లో హిందూ వివాహ చట్టం 19వ సెక్షన్‌కు చేసిన సవరణతో భార్య తానిప్పుడు ఉంటున్న చోటి కోర్టులోనే పిటిషన్ వేయొచ్చు. పుట్టింటికి చేరిన లేపాక్షి అమ్మాయి బెంగళూరు బస్సు ఎక్కాల్సిన పనిలేదు. కేసు ఒక రాష్ట్రం నుంచి ఇంకో రాష్ట్రానికి మార్చాలంటే మాత్రం సుప్రీంకోర్టే మార్చాలి.

అపోహ: “కాపురానికి వెళ్లు” అని కోర్టు తీర్పిస్తే పోలీసులు పట్టుకెళ్లి దింపుతారు.

వాస్తవం: ఎవరూ పట్టుకెళ్లరు. అదే చట్టం 9వ సెక్షన్ కింద కాపురం పునరుద్ధరణ డిక్రీ ఇవ్వవచ్చు. పాటించకపోతే ఆస్తి జప్తు దాకా పోవచ్చు గానీ మనిషిని జప్తు చేయడం కుదరదు. ఏడాది దాటినా కాపురం కలవకపోతే ఆ డిక్రీయే విడాకులకు కారణమవుతుంది.

ఈ సెక్షన్ మీద దేశమంతా చదువుకునే కేసు మన సీమదే. ‘మరో చరిత్ర’తో తెరకెక్కిన నటి సరిత కాపురానికి రావాలంటూ భర్త కడప సబ్ కోర్టులో పిటిషన్ వేశారు. అది హైకోర్టుకు వెళ్లింది. 1983లో జస్టిస్ పి.ఎ. చౌదరి ఆ సెక్షన్‌నే రాజ్యాంగ విరుద్ధమని కొట్టేశారు. తన శరీరం గురించి, బిడ్డను కనాలా వద్దా అన్నదాని గురించి నిర్ణయం ఆ స్త్రీదే, ప్రభుత్వం డిక్రీ పట్టుకుని ఆ గదిలోకి రాకూడదన్నది ఆయన తర్కం. 1984లో సరోజ్ రాణి కేసులో సుప్రీంకోర్టు ఆ అభిప్రాయంతో ఏకీభవించలేదు, సెక్షన్ బతికింది. కానీ వ్యక్తిగత గోప్యతను ప్రాథమిక హక్కుగా సుప్రీంకోర్టు గుర్తించింది 2017లో. కడప నుంచి మొదలైన కేసులో ఆ ఆలోచన ముప్పై ఏళ్లకు పైగా ముందే వచ్చింది. దీన్ని ఇంతవరకు ఎవరూ సీరియల్‌గా తీయలేదెందుకో!

ఇంకో మాట. అలాంటి డిక్రీ ఉన్నా, వెళ్లకపోవడానికి సరైన కారణముంటే భార్యకు భరణం పోదని 2025 జనవరిలో సుప్రీంకోర్టు తేల్చింది.

అపోహ: విడాకులిస్తే మొగుడి ఆస్తిలో సగం భార్యది.

వాస్తవం: ‘ది స్ప్లిట్’ లాంటి కథలు చూసి వచ్చిన ఆశ ఇది, కొందరికి భయం కూడా. ఇంగ్లండ్‌లో 2000 నాటి వైట్ కేసు తర్వాత సమాన వాటా అన్నది కొలబద్ద అయింది. మన దగ్గర ఎవరి పేరున ఉన్నది వారిదే. భార్యకు ఆస్తిలో వాటా ఇవ్వాలన్న సవరణ బిల్లు 2013లో రాజ్యసభ దాటింది, లోక్‌సభ గడువు ముగియడంతో మురిగిపోయింది. ఇళ్లలో ఎవరూ గట్టిగా పట్టించుకోని హక్కు ఇంకొకటి: స్త్రీధనం. పెళ్లికి పెట్టిన బంగారం, వెండి, ధర్మవరం పట్టుచీరలు, పుట్టింటివాళ్లు ఆమెకిచ్చిన సామాను, అన్నీ ఆమెవే. అత్తగారి బీరువాలో ఉన్నంత మాత్రాన వారివి కావు. 1985 నాటి నిబంధనల ప్రకారం పెళ్లికి వచ్చిన కానుకల జాబితాలు రాసి వధూవరులు సంతకం చేయాలి. శుభలేఖల కోసం అంత ఖర్చు పెట్టే మనం ఆ రెండు కాగితాలు మాత్రం రాయం.

అపోహ: జీతం చీటీ లేకపోతే భరణం రాదు.

వాస్తవం: తెర మీది మొగుళ్లందరూ కంపెనీ ఓనర్లే. ధర్మవరంలో మగ్గం నేసేవాడికి, హిందూపురం మార్కెట్లో చింతపండు వ్యాపారం చేసేవాడికి జీతం చీటీ ఎక్కడిది? 2020లో రజనీష్ - నేహా కేసులో సుప్రీంకోర్టు ఇద్దరూ ఆస్తులు, అప్పులు, రాబడి, ఖర్చులు అఫిడవిట్‌లో చూపాలంది. భరణం లెక్క దరఖాస్తు వేసిన రోజు నుంచే కట్టాలనీ అంది. దాచిన రాబడిని బ్యాంకు ఖాతా, బాడుగలు, పిల్లల ఫీజులు బయటపెడతాయి. భరణం ఇప్పించే పాత నేర విచారణ స్మృతి 125వ సెక్షన్ ఇప్పుడు భారతీయ నాగరిక్ సురక్షా సంహితలో 144. అప్పట్లో నెలకు 500 మించకూడదన్న పరిమితి ఉండేది, 2001లో తీసేశారు. భార్య ఉద్యోగం చేస్తున్నంత మాత్రాన భరణం రాదని కూడా లేదు. హిందూ వివాహ చట్టం కింద రాబడి లేని భర్త కూడా అడగవచ్చు. ఆ ఎపిసోడ్ ఎవరూ రాయరు.

అపోహ: ఇద్దరికీ పడటం లేదంటే చాలు.

వాస్తవం: ఇంగ్లండ్‌లో 2022 ఏప్రిల్ 6 నుంచి చాలు. తప్పు ఎవరిదో చూపనక్కర లేదు. మన దగ్గర పరస్పర అంగీకారం ఉంటే ఏడాది విడిగా ఉన్నాక పిటిషన్, ఆ తర్వాత ఆరు నెలల ఆగుదల. ఆ ఆరు నెలలను కోర్టు మినహాయించవచ్చని 2017లో సుప్రీంకోర్టు చెప్పింది. మొదటి సంతకం పెట్టినా డిక్రీ వచ్చేదాకా అంగీకారం వెనక్కి తీసుకోవచ్చు. ఒకరే అడిగితే క్రూరత్వం, విడిచిపెట్టడం లాంటి కారణం రుజువు చేయాలి. కలిసే ఆశ లేదన్న ఒక్క మాట మీద విడాకులిచ్చే అధికారం సుప్రీంకోర్టుదే. 2023లో అది స్పష్టమైంది. ఆ మాట కింది కోర్టులో ఎంత గట్టిగా వాదించినా పని జరగదు.

పిల్లల సంగతి ఒక్క ముక్కలో. బోనులో నిలబెట్టి “అమ్మా నాన్నా?” అని అడగరు. జడ్జి తన గదిలో మాట్లాడవచ్చు. ఐదేళ్ల లోపు బిడ్డ మామూలుగా తల్లి దగ్గరే, ఆ తర్వాత బిడ్డ మేలే కొలబద్ద. పరిస్థితి మారితే ఉత్తర్వునూ మార్చుకోవచ్చు.

అపోహ: ఫీజు పెట్టుకోలేనివాళ్లకు కేసు లేదు.

వాస్తవం: 1987 నాటి న్యాయ సేవల చట్టం 12వ సెక్షన్ ప్రకారం ఆడవాళ్లకు, పిల్లలకు, ఎస్సీ ఎస్టీలకు ఉచితంగా లాయరునిస్తారు. వాళ్ల రాబడి ఎంతన్నది చూడరు. కోర్టు ఆవరణలో న్యాయ సేవల కమిటీ ఎక్కడుందో అడిగితే చెబుతారు, ఫోనైతే 15100. రాయడం రాకపోతే నోటితో చెప్పినా తీసుకుంటారు. పెళ్లి ఫొటో, శుభలేఖ, ఇద్దరి ఆధార్, పిల్లల పుట్టిన తేదీ కాగితాలు, ఉంటే బ్యాంకు పుస్తకం పట్టుకెళ్లండి. పంచాయితీలో రాసిన స్టాంపు పేపరు ఉంటే దాన్నీ పట్టుకెళ్లండి, చించేయకండి.