టేకుమట్ల సీమ: ఊరికి చెరువే మొదలు

టేకుమట్ల అను పేరు వినగానే టేకు చెట్లు స్ఫురించును. పేరునుబట్టి కథ లల్లుట సులభము. కాని ఊరి పుట్టుక తెలియవలెనన్నచో ముందుగా నేలను, నీటిని చూడవలెనని మేము తలంతుము.

టేకుమట్ల నేటి జయశంకర్ భూపాలపల్లి జిల్లాలోనిది. 2016 వరకు వరంగల్లు జిల్లా చిట్యాల మండలములో నుండి, ఆ యేటి జిల్లాల పునర్విభజనలో తానే మండలకేంద్రమైనది. మండలపు సరిహద్దున మానేరు పారుచున్నది. అయినను ఏరు చెంత నున్నంతమాత్రాన పొలము పండదు. ఏటినీరు పల్లమున నుండును, సాగునేల మెరకన నుండును. కావున వాననీటిని మెరకననే ఆపుకొన్నచోట ఊరు నిలిచినది.

ఇందుకు చుట్టుపట్ల శాసనములే సాక్ష్యములు. పాలంపేటలో గణపతిదేవుని సేనాని రేచర్ల రుద్రుడు 1213లో రామప్పగుడిని ప్రతిష్ఠించెను. గుడికి చేరువనే మహాతటాకము కలదు. బయ్యారములో గణపతిదేవుని సోదరి మైలాంబ ధర్మకీర్తిసముద్రమను చెరువును కట్టించి, 1219 నాటి శాసనమున తన పుట్టినింటి వంశక్రమమును చెక్కించినది. కాకతీయుల పూర్వులను గూర్చి చరిత్రకారులకు ముఖ్యాధారమైనది ఆ చెరువు శాసనమే.

చెరువు కట్టుట యనగా కట్ట పోయుట మాత్రమే కాదు. పొలమునకు నీరు విడుచుటకు తూము, మిగులునీరు పొరలుటకు అలుగు కావలెను. పై చెరువు అలుగు నీరు క్రింది చెరువున చేరును; ఇదియే గొలుసుకట్టు. నీరు పంచుటకు నీరటికాడు, కట్టను కాచుటకు కట్టమైసమ్మ, చెరువును బాగుచేసినవారికి దశబంధపు మాన్యము - ఇట్లు చెరువు చుట్టును ఊరి కట్టుబాటు అల్లుకొన్నది. రైతు వెంట కుమ్మరి, కమ్మరి, సాలె, బెస్త వచ్చిచేరిరి.

ఈ గొలుసున ఒక కట్ట తెగినచో క్రిందివాని కన్నిటికిని ముప్పే. పూడిక నిండినచో ఆయకట్టు ఎండును, జనము వలసపోవును. 2015లో ప్రారంభమైన మిషన్ కాకతీయ పథకము ఈ పూడికనే తీయబూనినది.

పూడిక తీయువారికి మా మనవి యొకటి. కట్టమీద గాని, తూము వద్ద గాని అక్షరములున్న రాయి కనబడినచో దానిని పగులగొట్టి కట్టలో వేయకుడు, సున్నము పూయకుడు. పురావస్తు శాఖకు తెలుపుడు. మైలాంబ రాయి నాడే అట్లు పోయియున్నచో, కాకతీయుల తొలితరములనుగూర్చి మనకు నేడు తెలిసినది ఎంతో కొరవడి యుండెడిది.