భుజం కుదిరింది, బలం ఎప్పుడు?

కొల్లేటిలో విసురువల వేసే మనిషిని ఎప్పుడైనా నింపాదిగా చూశారా? దోనెలో నిలబడి, నడుము తిప్పి, చెయ్యి వెనక్కు లాగి విసిరితే వల గొడుగులా విచ్చుకుని నీళ్ళమీద పడుతుంది. వల పోతుంది గాని చెయ్యి భుజంలోనే వుంటుంది. దాన్ని అక్కడ పట్టివుంచే పని చాలావరకు కండరాలదే.

భుజం కీలు ప్రమిదలో పెట్టిన నిమ్మకాయవంటిది. ప్రమిద లోతు తక్కువ గనకనే చెయ్యి అన్నివైపులా తిరుగుతుంది. అందుకే సులువుగా తప్పుతుంది కూడా. చుట్టూ వున్న నాలుగు కండరాలు నిమ్మకాయను అదిమి పట్టుకుంటాయి. చిన్నవయసులో ఒకసారి తప్పిన భుజం మళ్ళీ మళ్ళీ తప్పడం ఎక్కువ.

చిరిగిన ప్రమిద అంచును ఎముకకు తిరిగి కుట్టే పద్ధతికి లండను వైద్యుడు బాంకార్ట్ 1923లో దారి చూపాడు. అంచు ఎముకే అరిగిపోతే, రెక్క ఎముకనుంచి చిన్న ముక్క తెచ్చి అడ్డుకట్టగా బిగించే పద్ధతిని ఫ్రెంచి వైద్యుడు లాటర్జే 1954లో వెల్లడించాడు.

తాడేపల్లిగూడెంలో నాది ఉల్లిపాయల కొట్టు. మూడుమార్లు తప్పిన నా కుడిభుజానికి ఏలూరులో ఆపరేషను చేశారు. కుట్టడం డాక్టరుగారి వంతు, బలం తెచ్చుకోవడం నా వంతు. నెలరోజులు చెయ్యి జోలెలో వుంది. కండ ఎంత కరిగిందో వదులైన చొక్కాయే చెప్పింది. వేళ్ళూ, మణికట్టూ మాత్రం మొదటినుంచీ ఆడించాను. ఆరువారాలకు చెయ్యి ఒకరి సాయం లేకుండా లేచింది. మూడోనెలలో రబ్బరుపట్టీ వ్యాయామం మొదలైంది. చంకలో మడిచిన తువ్వాలు పెట్టుకుని, మోచెయ్యి కదలకుండా, పట్టీని బయటికీ లోపలికీ లాగాలి.

ఇక్కడే వుంది మాయ! నొప్పి ముందు పోతుంది, కదలిక తర్వాత వస్తుంది, బలం అందరికంటె వెనక వచ్చే చుట్టం. నాలుగోనెలలో, "ఇక బస్తా ఎత్తవచ్చా అమ్మా?" అని ఫిజియోతెరపీ అమ్మాయిని అడిగాను. ఆమె రెండు చేతులతోనూ ఒక పరికరాన్ని నెట్టించి అంకెలు చూపింది.

"కుడిచెయ్యి ఇంకా ఎడమచేతిని అందుకోలేదు, బాబాయ్ గారూ. నొప్పి లేదని భుజాన్ని నమ్మకండి."

ఆరోనెల దాటాక గాని రెండూ సమానం కాలేదు.

అన్నాళ్ళూ నా కొట్టులో బస్తాలు మా తమ్ముడు దింపాడు. రోజువేటమీద బతికేవాడికి ఆరునెలలంటే ఆరునెలల తిండి. నొప్పి తగ్గగానే వల పట్టాలనిపించడం సహజం. కనుక ఆపరేషనుకు ముందే యింటిల్లిపాదీ కూర్చుని, అన్నాళ్ళు వల ఎవరు వేస్తారో తేల్చుకోవాలి. డాక్టరుగారిని, "కుట్లు ఎప్పుడు విప్పుతారు?" అని అడిగి వచ్చేయకండి. "బలం ఎప్పుడు కొలుస్తారు?" అని కూడా అడగండి.