‘ఆక్సెప్ట్ ఆల్’ నొక్కుటకు ముందు

ఎంసెట్ ర్యాంకులు వెలువడి ఇంజనీరింగు కౌన్సెలింగు మొదలగు దినములలో, జనగామ బస్టాండు పరిసరములందును, మానుకోట రైల్వేస్టేషను దారియందును, భూపాలపల్లి ప్రధానరహదారి పొడవునను గల ఇంటర్నెట్ సెంటర్లు ప్రొద్దుననుండి రాత్రివరకు విద్యార్థులతోను, వారి వెంట వచ్చిన తల్లిదండ్రులతోను నిండియుండును. పరీక్ష పేరు ఈఏపీసెట్‌గా మారినను మన ప్రజల నోట నది నేటికిని ఎంసెట్టే. ఒకే కంప్యూటరు ముందు ఒకరి తరువాత నొకరు కూర్చుండి, హాల్‌టికెట్టు నంబరును, పాస్‌వర్డును, ఫోనుకు వచ్చిన ఓటీపీని నమోదుచేసి, కాలేజీల కోడ్‌లను వరుసగా పేర్చి, వెబ్ ఆప్షన్లు సేవ్ చేసి లేచిపోవుదురు. అట్లు లేచిపోవు పిల్లవానిని సెంటరు నడుపు మనిషి “తమ్మీ, లాగౌట్ కొట్టినవా?” అని అడుగును, పిల్లవాడు వెనుదిరిగి వచ్చి మౌసు పట్టుకొనును. నాలుగేండ్ల చదువు ఏ కాలేజీలోనో నిర్ణయించు ఆ జాబితా, తరువాత కూర్చుండువాని చేతిలో పడకుండుటకు ఈ ప్రశ్న యొక్కటియే అడ్డుగా నున్నది. దాని అవసర మెందులకు వచ్చినదో తెలియవలెనన్న, బ్రౌజరు తనలో దాచుకొను కుకీ అను చిన్న వ్రాతను గూర్చి తెలిసికొనవలెను.

వెబ్‌సైటును నడుపు సర్వరునకు స్వతహాగా జ్ఞాపకము లేదు. తన యొద్దకు వచ్చు ప్రతి అభ్యర్థనను అది క్రొత్తదానిగనే చూచును. క్షణము క్రిందట లాగిన్ అయిన విద్యార్థియే ఇప్పుడు తరువాతి పేజీ నడుగుచున్నాడని గ్రహించుటకు మార్గము మొదటి ఏర్పాటులో లేకుండెను. కావున లాగిన్ అయినవెంటనే సర్వరు ఎవరును ఊహింపజాలని పొడవైన సంఖ్య నొకదానిని కల్పించి బ్రౌజరునకు పంపును; బ్రౌజరు దానిని దాచుకొని, ఆ సైటుకు మరల పోవునప్పుడెల్ల ఎవరు నడుగకయే దానిని వెంట తీసికొనిపోవును. పెద్దాసుపత్రిలో ఓపీ చీటీ చేయు పనియే ఇదియును చేయును: చీటీలో రోగి చరిత్రయంతయు నుండదు, నంబరు మాత్రమే యుండును, ఆ నంబరునుబట్టి లోపలి రిజిష్టరు తెఱవబడును, చీటీ ఎవరి చేత నున్న వారినే రోగిగా తలచు ప్రమాదమును అందులోనే కలదు.

దీనిని కంటితో చూడదలచినవారు కంప్యూటరులో క్రోము తెఱచి, ఏదేని సైటులో లాగిన్ అయి, ఎఫ్12 మీట నొక్కి, ‘అప్లికేషన్’ అను విభాగములో ‘కుకీస్’ అనుచోట చూడవచ్చును. అచట ఒక పట్టిక కనబడును. పేరు, విలువ, ఏ సైటుకు చెందినది, ఎన్నాళ్లు బ్రతుకునది అను గడులుండును. జావాతో నిర్మింపబడిన సైట్లు పెక్కింటిలో ‘జెసెషన్ఐడీ’ అను పేరును, దాని కెదురుగా అక్షరములును అంకెలును కలసిన అర్థములేని వరుసయు, గడువు గడిలో ‘సెషన్’ అను మాటయు నుండును. ఒక్కొక్క కుకీ రమారమి నాలుగువేల అక్షరములకు మించదు. అది ప్రోగ్రాము కాదు, వైరసు కాదు, తనంతట తాను ఏ పనియు చేయజాలదు.

‘సెషన్’ అనగా బ్రౌజరు మూసినంతనే నశించునని అర్థము. అయినను ఆచరణలో దీనిని నమ్మరాదు. ట్యాబు మూసినంత మాత్రమున బ్రౌజరు మూసినట్లు కాదు. క్రోములో ‘విడిచినచోటనుండి కొనసాగించు’ అను అమరిక యున్నచో, బ్రౌజరు మూసి తెఱచినను ఆ సెషను కుకీలు తిరిగి బ్రతికివచ్చును. లాగౌట్ మీట చేయు పని వేరు. అది సర్వరునకే కబురుపంపి, ఆ సంఖ్య ఇకమీదట చెల్లదని కొట్టివేయించును. కావుననే సెంటరులో పని ముగించినవారు ట్యాబు మూసి పోవుటకంటె లాగౌట్ నొక్కి, మరల లాగిన్ పేజీ కనబడువరకు నిలిచి చూచుట మేలు. మొదటనే కంట్రోల్, షిఫ్ట్, ఎన్ మీటలు కలిపి నొక్కి ఇన్‌కాగ్నిటో కిటికీ తెఱచుకొన్నచో ఇంకను క్షేమము; అట్టి కిటికీలన్నియు మూయగానే అందులోని కుకీలు పోవును. అయితే దించుకొన్న ర్యాంకుకార్డు, ఆధారు ప్రతి, పహాణీ నకలు డౌన్‌లోడ్స్ ఫోల్డరులో నట్లే యుండిపోవును గనుక, వాటిని చేతితో తొలగింపవలెను. పాస్‌వర్డు సేవ్ చేయుమందువా యని బ్రౌజరు అడిగినప్పుడు వద్దని చెప్పవలెను. భూభారతిలో భూమి వివరములు చూచు రైతునకును, సింగరేణి నోటిఫికేషనుకు దరఖాస్తు చేయు భూపాలపల్లి యువకునకును ఈ మాట వర్తించును.

ఇంతవరకు చెప్పినది మన పని జరుగుటకు మనము కోరి పుచ్చుకొను కుకీని గూర్చి. అది లేనిదే లాగిన్ లేదు, రైలు టికెట్టు లేదు, దరఖాస్తు లేదు. దానిపై నాకు ఫిర్యాదు లేదు. మనము కోరకయే మనవద్ద చేరు కుకీ మరియొకటి కలదు. అది ఎట్లు వచ్చినదో తెలిసికొనుటకు ముప్పది యేండ్ల వెనుకకు పోవలెను.

1994వ సంవత్సరమున నెట్‌స్కేప్ సంస్థలో ఇంజనీరుగా నున్న లూ మోంటల్లి, వెబ్‌పై సరకులు కొనుగోలుచేయు ఏర్పాటు కొఱకు, కొనువాడు బుట్టలో వేసికొన్న వస్తువుల లెక్క సర్వరుపై మోపక అతని కంప్యూటరులోనే నిలుపు ఉపాయముగా కుకీని రూపొందించెను. బ్రౌజరున కంతటికిని ఒకే గుర్తింపు సంఖ్య నిచ్చుట సులభమైనను, దానితో మనిషిని సైటునుండి సైటునకు వెంబడింపవచ్చునని గ్రహించి, ఏ సైటు కుకీ ఆ సైటుకే తిరిగిపోవు పద్ధతిని ఆయన యెన్నుకొనెను. ఈ మర్యాద నాకెంతయో గౌరవనీయముగా తోచును. కాని ఒక పేజీలోని బొమ్మ మరియొక సంస్థ సర్వరునుండి వచ్చినచో, ఆ సంస్థయు తన కుకీని పెట్టవచ్చునను సందు అందులో మిగిలిపోయెను. కుకీ యను వస్తువున్నదనియే సామాన్యులకు తెలియని ఆ కాలమున, 1996 ఫిబ్రవరిలో లండను పత్రిక ఫైనాన్షియల్ టైమ్స్ దీనిని గూర్చి ప్రకటించిన పిమ్మట కలవరము బయలుదేరెను. మరుసటి యేడు ఫిబ్రవరిలో వెలువడిన ఆర్ఎఫ్‌సీ 2109 అను ప్రమాణపత్రము, ఇట్లు పరసంస్థలు పెట్టు కుకీలను బ్రౌజర్లు తమంతట తాము అనుమతింపరాదని స్పష్టముగా సూచించెను. ఆనాటి రెండు పెద్ద బ్రౌజర్ల యజమానులైన నెట్‌స్కేప్, మైక్రోసాఫ్ట్ సంస్థలు ఆ సూచనను పాటింపలేదు. ఆ ఒక్క నిర్ణయముపై నేటి ప్రకటనల సామ్రాజ్యము లేచినది. అట్టి ప్రకటనలకు పేరొందిన డబుల్‌క్లిక్ సంస్థను 310 కోట్ల డాలర్లకు కొనుటకు గూగుల్ 2007లో ఒప్పందము చేసికొనెను.

దీని పోకడను మన యూరి వ్యవహారముతో చెప్పెదను. మానుకోట దాపున మిర్చి పండించు రైతొకడు ఫోనులో మిర్చి ధర చూచుటకు ఒక పేజీ తెఱచునప్పుడు, ఆ పేజీలోని ప్రకటన బొమ్మ ప్రకటనల సంస్థ సర్వరునుండి వచ్చును. దానితోపాటు ఆ సంస్థ కుకీయు అతని బ్రౌజరులో చేరును. సాయంకాల మతడు అప్పు వడ్డీల వివరములు చూచును. ఆ పేజీలోను అదే సంస్థ ప్రకటన. రాత్రి సినిమా వార్తల పేజీ, అచటను అదియే. మూడు చోట్లను ఒకే కుకీ ఒకే సంస్థకు చేరుటచేత, ఆ సంస్థకు అతని పేరు తెలియకున్నను, ఈ ఫోను మనిషి మిర్చి అమ్ముకొనుచున్నాడు, అప్పు కొఱకు తిరుగుచున్నాడు అను రెండు విషయములు ఒకచోట కూడును. మరునాటినుండి అప్పుల యాప్‌ల ప్రకటనలు తెరపై నిండును. తండాలలోను, పల్లెలలోను ఒకే ఫోను ఇంటిల్లిపాది చేతులు మారుచుండును గనుక, ఇంట ఎవరితోను చెప్పక దాచుకొన్న అతని యిక్కట్టు భార్య కంటనో పిల్లల కంటనో పడును. ఒకరికొక ఫోనుండు నగరవాసుల సంగతి వేరు. ఇంటికొక ఫోనుండు చోట ఈ వెంబడింపు మనిషి గోప్యముతోపాటు అతని పరువును గూడ తాకును. ఈ విషయము చర్చలలో వినరాకపోవుట నాకు బాధ కలిగించుచున్నది.

బ్రౌజర్లన్నియు ఒకే తీరున ప్రవర్తింపవు. ఆపిల్ వారి సఫారీ 2020 మార్చినుండి పరసంస్థల కుకీలను పూర్తిగా నిలిపివేయుచున్నది. ఫైర్‌ఫాక్స్ 2022నుండి ఏ సైటు కుకీలను ఆ సైటు గదిలోనే బంధించి, ఒక గదిలోని గుర్తు మరియొక గదిలో పనికిరాకుండ చేయుచున్నది. గూగుల్ 2020 జనవరిలో తానును క్రోమునుండి వీటిని తొలగింతునని చెప్పి, గడువులు పలుమారులు పొడిగించి, 2024 జులైలో ఆ ఆలోచనను విడిచెను. ఆండ్రాయిడ్ ఫోనులలో సామాన్యముగా క్రోమే ముందుగ నమర్చబడి వచ్చును గనుక, మన వారిలో పెక్కుమందికి ఈ పని తమ చేతులతోనే చేసికొనవలసియున్నది.

అది కష్టమైన పనియు కాదు. క్రోము మూలనున్న మూడు చుక్కలను నొక్కి సెట్టింగ్స్‌లోనికి పోయి, ‘సైట్ సెట్టింగ్స్’లో ‘థర్డ్-పార్టీ కుకీస్’ అనుచోట వాటిని బ్లాక్ చేయు మాటను ఎన్నుకొనవలెను. ఫోను భాష తెలుగుగా మార్చుకొన్నచో ఈ మాటలు తెలుగులోనే కనబడును. ఆ తరువాతను సైట్లు మామూలుగనే తెఱచుకొనును. ఏదేని చెల్లింపు పేజీ మొరాయించినచో, ఆ యొక్క సైటునకు మాత్రము అనుమతి నీయవచ్చును. ఇంతవరకు పేరుకొన్నవానిని తొలగింపదలచినవారు అదే చుక్కలలో బ్రౌజింగ్ డేటా తొలగించు మాటను నొక్కి, కాలపరిమితిని ‘మొత్తం సమయం’గా మార్చి కుకీలను టిక్కు పెట్టవలెను. అట్లు చేసినచో లాగిన్ అయియున్న సైట్లన్నిటినుండి బయట పడుదుము గనుక, పాస్‌వర్డులు గుర్తున్నవో లేవో ముందు చూచుకొనుట మంచిది. యాప్‌లది వేఱు దారి. అవి కుకీకి మారుగా ఫోనుకుండు ప్రకటనల ఐడీని వాడుకొనును. ఫోను సెట్టింగ్స్‌లోని గూగుల్ విభాగమున ‘యాడ్స్’ అనుచోట దానిని తొలగింపవచ్చును.

ఇక సమ్మతి సంగతి. పేజీ తెఱవగానే సగము తెరను కప్పుచు ‘ఆక్సెప్ట్ ఆల్’ అని వచ్చు పలక ఐరోపా చట్టముల ఫలము. ముందుగనే టిక్కు పెట్టియుంచిన గడి సమ్మతి కానేరదని ఐరోపా న్యాయస్థానము 2019 అక్టోబరు 1న తీర్పుచెప్పెను. అంగీకరించుట ఒక్క నొక్కుతో తేలి, నిరాకరించుటకు పలుమారులు నొక్కవలసివచ్చుట అన్యాయమని ఫ్రాన్సు దేశపు నియంత్రణసంస్థ 2022 జనవరిలో గూగుల్‌నకు 15 కోట్ల యూరోలు, ఫేస్‌బుక్‌నకు 6 కోట్ల యూరోలు జరిమానా విధించినట్లు ప్రకటించెను. మన కంటబడు పలకలలో నేటికిని నిరాకరణమీట లేతరంగులో మరుగుననో, ‘మేనేజ్’ అను మాట వెనుకనో దాగియుండును. తొందరలేక దానిని వెదకి నొక్కినను సైటు తెఱచుకొనును. ఇది తెలియక, ఒప్పుకొనని యెడల పని కాదేమోయని భయపడి నొక్కువారే ఎక్కువ.

మన దేశమున గోప్యత ప్రాథమికహక్కని తొమ్మిదిమంది న్యాయమూర్తుల ధర్మాసనము పుట్టస్వామి కేసులో 2017 ఆగస్టు 24న నిర్ణయించెను. ఆ దారినే వచ్చినది 2023 నాటి డిజిటల్ వ్యక్తిగత డేటా రక్షణ చట్టము. దాని నియమావళి 2025 నవంబరులో వెలువడినది. సంస్థలపై ముఖ్యమైన బాధ్యతలు అప్పటినుండి 18 నెలలకు, అనగా 2027 మే నెలలో అమలునకు వచ్చును. అందు కుకీలను ప్రత్యేకముగా పేర్కొనలేదు. మనిషిని గుర్తింపజాలు సమాచార మేదైనను అది దాని పరిధిలోనికి వచ్చును. ఇందులో మన జిల్లాలవారు గట్టిగా పట్టుకొనవలసిన నిబంధనలు మూడు కలవని నా అభిప్రాయము. సమ్మతి కోరు నోటీసును ఇంగ్లీషులో గాని, రాజ్యాంగపు ఎనిమిదవ షెడ్యూలులోని ఏ భాషలో గాని చదువుకొను వీలు కల్పింపవలెను. తెలుగు ఆ షెడ్యూలులో నున్నది. పదునెనిమిదేండ్లు నిండని పిల్లల కదలికలను వెంబడించుట, వారిపైకి గురిపెట్టిన ప్రకటనలు పంపుట నిషిద్ధము; ఆప్షన్లు పెట్టుకొను మన పిల్లలలో పదునేడేండ్లవారెందరో కలరు. ఇచ్చిన సమ్మతిని, ఇచ్చినంత సులభముగ వెనుకకు తీసికొనవచ్చును.

మొదటి నిబంధనయే నాకు అన్నిటికంటె ముఖ్యముగా తోచును. పాలకుర్తిలోనో, గూడూరులోనో, మహాదేవపూరులోనో పదవతరగతి తెలుగు మీడియములో చదివిన గృహిణికి, ‘లెజిటిమేట్ ఇంటరెస్ట్’ అను మాటను తెలుగులిపిలో దించి చూపినంత మాత్రమున అది తెలుగు నోటీసు కానేరదు. మీ ఫోనులో ఈ గుర్తును ఇన్ని దినములు ఉంచెదము, దానిని ఈ సంస్థకు చూపెదము, వద్దన్నను మీ పని ఆగదు అని మూడు వాక్యములలో చెప్పినచో ఆమె తన నిర్ణయము తాను చేసికొనును. గడువు వచ్చిన పిమ్మట అట్టి నోటీసు కనబడనిచో మొదట ఆ సైటువారికే ఫిర్యాదు వ్రాయవలెను. వారు పరిష్కరింపకున్నచో డేటా రక్షణ మండలికి పోవచ్చును. తగిన రక్షణ లేక సమాచారము బయటపడనిచ్చిన సంస్థకు 250 కోట్ల రూపాయలవరకు జరిమానా విధించు అధికారము ఆ మండలికి కలదు.