రాబోవు మదర్‌బోర్డు: దాని గుణములు, దాని వెల

2024వ సంవత్సరమున వేసవి సెలవుల పిమ్మట పాఠశాల తెఱచిన దినములలో పదియవ తరగతి బాలుడొకడు నాయొద్దకు వచ్చి, "అయ్యా, మా నాయన కంప్యూటరు కొనుటకు సొమ్ము కూడబెట్టినాడు. ఏఎమ్‌డీ వారి ఎక్స్870ఇ మదర్‌బోర్డులు ఈ యేడు రానున్నవట. అంతవఱకు ఆగుమందురా?" అని యడిగెను. వాని తండ్రి దర్జీ. ఆ సొమ్ము ఎన్ని చొక్కాల కూలియో యెఱుగుదును గనుక, నోటికి వచ్చినట్లు ఉత్తరమీయ మనసొప్పలేదు. వానికి చెప్పినదే యిక్కడ వ్రాయుచున్నాను.

మదర్‌బోర్డు స్వయముగా లెక్కలు కట్టునది కాదు. ప్రాసెసరును, మెమొరీని, డిస్కులను, గ్రాఫిక్స్ కార్డును ఒండొంటితో కలుపు బాటల పలక యది. ఆ బాటలలో ముఖ్యమైనవి ప్రాసెసరునుండియే బయలుదేరును. 2022 సెప్టెంబరులో ఏఎమ్5 సాకెట్టుతో వచ్చిన రైజెన్ 7000 ప్రాసెసర్లకు అట్టి పీసీఐ ఎక్స్‌ప్రెస్ బాటలు 28. అందు 4 చిప్‌సెట్టునకు పోగా మిగిలినవి 24. వీనిలో 16 గ్రాఫిక్స్ కార్డునకు, తక్కినవి డిస్కులు మొదలగువానికి. 2024లో వచ్చిన రైజెన్ 9000 ప్రాసెసర్లదియు ఇదే సాకెట్టు, ఇదే సంఖ్య. కాబట్టి పలక యెంత క్రొత్తదైనను ఆ 24 బాటలు 25 కానేరవు.

ఇక చిప్‌సెట్టు. ఎక్స్870ఇ యను పేరు క్రొత్తదే గాని, లోపలి చిప్పులు రెండును 2022 నాటి ఎక్స్670ఇ లోనివే. నిజముగా పెరిగినది సెకనుకు 40 గిగాబిట్ల యూఎస్‌బీ4. మునుపది నిర్మాతల యిష్టము, ఇప్పుడు తప్పనిసరి. అయితే దానికి వేఱొక చిప్పును, పై 24 బాటలలో నాలుగును కావలయును. అందువలన పెక్కు పలకలలో రెండవ డిస్కును తగిలించినచో యూఎస్‌బీ4నకు పోవు బాటలు సగమగును. కుడిజేబులోని కాసును ఎడమజేబులో వేసికొని కలిమి పెరిగెనని సంతోషించుట యిట్టిదే!

వెలను ఊహించుటకు వెనుకటి వెలలే ఆధారము. 2022లో ఏసుస్ వారి క్రాస్‌హెయిర్ ఎక్స్670ఇ ఎక్స్‌ట్రీమ్ 999 డాలర్లు. ఎమ్మెస్సై వారి గాడ్‌లైక్ 1,299. ఆనాటి మేటి ప్రాసెసరగు రైజెన్ 9 7950ఎక్స్ వెల 699 డాలర్లే. గుఱ్ఱముకంటె జీనుకు వెల యెక్కువ యన్నమాట. అదే సాకెట్టుగల బీ650 పలకలు 125 డాలర్లనుండి లభించునని ఏఎమ్‌డీ వారు ప్రకటించిరి.

ఈ భేదమంతయు వృథా యనను. పీసీఐ 5.0 సంకేతములు చెడకుండ పోవలెనన్న మేలైన పలక కావలయును. విద్యుత్తు సంగతియు నంతే. భౌతికశాస్త్రములో మీరు నేర్చిన వాట్ల సూత్రమును ఇందు వేసి చూడుడు: ప్రాసెసరునకు 230 వాట్లు, వోల్టులు రమారమి 1.2 అయినచో, ప్రవాహము 190 ఆంపియర్లు దాటును! అయినను మధ్యరకపు పలకలు పెక్కు ఈ భారమును చక్కగా మోయగలవు. ఆపై చెల్లించునది చాలవఱకు రంగుదీపములకు, తెరలకు, పేరునకు. డాలరు వెలను రూపాయలలోనికి మార్చి ఊరకుండరాదు. మనదేశమున 18 శాతము జీఎస్టీయు, దిగుమతి వ్యయమును, అంగడివాని లాభమును దానిపై చేరును.

సాకెట్టే మాఱినప్పుడు మాత్రము ఆగుటలో అర్థము కలదు. 2024 అక్టోబరులో ఇంటెల్ జెడ్890 అట్టిది. దాని ప్రాసెసర్లు పాత పలకలలో కూర్చుండవు.

బాలుని తండ్రి ఆగక బీ650 పలకను కొని, మిగిలిన సొమ్ముతో మెమొరీని రెట్టింపు చేయించెను. సెప్టెంబరు 30న ఎక్స్870ఇ వచ్చినది. పాతవాని వెల వెంటనే పడిపోవునని నేను చెప్పియుంటిని. మా ఊరి అంగడిలో చాల వారములు పడలేదు. ఆ మాట వాడిప్పటికిని నాకు జ్ఞాపకము చేయుచుండును.